నలభై ముగ్గురు కాదన్నారు

ఓబులేశు చేసిన పని చాలా చిన్నది. ఫోన్‌లో ఒక బాణం గుర్తు మీద వేలు పెట్టాడు. అంతే. అది జరిగి నాలుగు నెలలైంది. ఆ సంగతి అతనికి గుర్తు కూడా లేదు.

ఒక బుధవారం పొద్దున ఆదోని నుంచి ఎవరో ఆడమనిషి ఫోన్ చేసింది.

"దారి యాప్ చేసింది మీరేనా సార్? నేను మహబూబ్ పీరా అక్కను. మీ యాప్ చెవిలో మాట్లాడతాండంగానే మా తమ్మున్ని ఆటో గుద్దింది. కాలు విరిగింది. మిమ్మల్ని తిట్టడానికి చేయలేదు సార్. వాడు ముందే మీకు చెప్పినాడంట. మీరు వద్దన్నారంట. అది నిజమా కాదా తెలుసుకుందామని చేసినా."

కనుక్కుని చెప్తానన్నాడు ఓబులేశు. లాప్‌టాప్ తెరిచి వెతికాడు. నిజమే.

చూపు లేనివాళ్ల కోసం అతను ఆ యాప్ తయారుచేశాడు. నడుస్తుంటే అది చెవిలో దారి చెబుతుంది. ఎన్ని అడుగులకు మలుపు, ఎటు వైపు బస్టాపు, ముందున్నది గుడా బడా అన్నీ చెబుతుంది. మొదట ఒక్క మనిషి కోసం చేశాడు. ఆరేళ్లలో ఆరువేల మంది దాన్ని పట్టుకుని నడుస్తున్నారు.

వాళ్లు మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక చోటు కూడా పెట్టాడు. దానికి 'దారి చావడి' అని పేరు. యాప్‌లో ఏం మార్చాలో, ఏం చేర్చాలో ఎవరైనా అక్కడ చెప్పవచ్చు. నచ్చినవాళ్లు పై బాణం నొక్కుతారు. నచ్చనివాళ్లు కింది బాణం నొక్కుతారు. కింది బాణాలు ముప్పై దాటితే, ఆ రాత్రి నుంచి ఆ సూచన ఇక ఎవరికీ కనిపించదు. ఆ నియమం పెట్టింది ఓబులేశే. పనికిరానివాటిని జనమే ఏరి పారేస్తారు, నాకెందుకు శ్రమ అనుకున్నాడు.

నాలుగు నెలల కింద పీరా అక్కడ రెండు వాక్యాలు పెట్టాడు.

'రోడ్డు దాటే చోట యాప్ మాట్లాడకుండా ఉంటే మేలు. ఆ కాసేపు మాకు చెవులు కావాలి.'

పై బాణాలు రెండు. కింది బాణాలు నలభై మూడు. ఒకటిన్నర రోజులో ఆ సూచన మాయమైపోయింది.

ఎవరెవరు నొక్కారో బయటివాళ్లకు తెలియదు. చావడి నడిపేవాడు కాబట్టి ఓబులేశుకు తెలుస్తుంది. జాబితా తెరిచాడు. మొదటి పేరు దగ్గరే అతని కన్ను ఆగిపోయింది.

ఆదివారం దాకా ఓబులేశు సరిగా అన్నం తినలేదు.

* * *

ఆదివారం గుంతకల్లులో, రైల్వే క్వార్టర్ల వెనక వీధిలో ఉన్న చౌడమ్మగారింటికి వెళ్లాడు. అతను మొదట యాప్ చేసింది ఆమె కోసమే. అతని గురువూ ఆమే.

చౌడమ్మగారికి తొమ్మిదో ఏట అమ్మవారు పోసి చూపు పోయింది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్లకు పైగా ఆపరేటరుగా పనిచేసింది. రిటైరైన తర్వాత ఆదివారం పూట తంబూరా పట్టుకుని తత్వాలు పాడుకునేది. వినడానికి ఒకరిద్దరు వచ్చారు. తర్వాత పదిమంది అయ్యారు. ఆమె ఉపన్యాసాలేమీ చెప్పదు. అడిగితే ఒక మాట అంటుంది. ఒక్కోసారి అదీ అనదు. అందరూ ఆమెను అమ్మా అనే పిలుస్తారు.

పాటలయ్యాయి. జనం వెళ్లిపోయారు. ఓబులేశు చాప మీద నుంచి లేవలేదు.

"ఏం నాయనా, ఊపిరి బరువుగా తీస్తాండావు?" అంది అమ్మ.

అతను అంతా చెప్పాడు. ఆటో సంగతి, విరిగిన కాలి సంగతి, నలభై మూడు బాణాల సంగతి. జాబితాలో మొదటి పేరు ఎవరిదో మాత్రం చెప్పలేదు.

"ఆ కింది బాణాన్ని ఉంచాలో తీసేయాలో తెలియడం లేదమ్మా. నాతో పనిచేసే సులోచన ఉంచాలంటుంది. ఒకసారి ఎవరో రైలు పట్టాల మీద నుంచి అడ్డదారి చూపించమని అడిగారు. రెండు వందల మంది భలే ఉందన్నారు. కింది బాణాలు పడబట్టే ఆగింది. అదీ నిజమే. ఇప్పుడేమో ఇట్లయింది."

"ఆ పిల్లోడు పెట్టింది నా ఫోన్‌లో తియ్యి," అంది అమ్మ.

ఓబులేశు తన పాస్‌వర్డ్‌తో చావడిలోకి వెళ్లి తీశాడు. ఫోన్‌లోని గొంతు చదివింది. చూపు లేనివాళ్ల ఫోన్‌లో తెర మీద ఏముంటే అది గొంతుగా వినిపిస్తుంది.

"సూచన. మహబూబ్ పీరా. రోడ్డు దాటే చోట యాప్ మాట్లాడకుండా ఉంటే మేలు. ఆ కాసేపు మాకు చెవులు కావాలి. పై బాణం, రెండు. కింది బాణం, నలభై మూడు. ఈ సూచన దాచబడింది."

"ఆ నలభై ముగ్గురూ ఏమన్నారో చదువు."

"చదవడానికేమీ లేదమ్మా. ఏమీ అనలేదు. నొక్కారంతే."

"చదువు నాయనా."

"అక్కడ మాటల్లేవమ్మా. అంకె ఒకటే ఉంది."

పక్కింట్లో కుక్కర్ కూత వేసింది.

"ఎక్స్‌ఛేంజిలో నన్ను తిట్టినోళ్లున్నారు, ఏడ్చినోళ్లున్నారు," అంది అమ్మ. "వాళ్లెవరూ నాకిప్పుడు గుర్తులేరు. కొంతమంది లైనెత్తి ఒక్క మాట అనకుండా పెట్టేసేటోళ్లు. ఆ పొద్దు నాకు అన్నం సయించేది కాదు."

ఓబులేశు తల వంచుకున్నాడు.

"అందులో నీది ఎన్నోది?" అంది అమ్మ.

"మొదటిదమ్మా," అన్నాడు.

అమ్మ తంబూరా పక్కన పెట్టింది. "ఆ పిల్లోనితో మాట్లాడినావా?"

"లేదమ్మా. ఏ ముఖం పెట్టుకుని మాట్లాడాలి?"

"వాడు నీ ముఖం చూస్తాడా ఏంది?" అంది అమ్మ. "గొంతు తీసుకుని పో."

* * *

మరుసటి రోజే ఓబులేశు ఆదోని వెళ్లాడు.

మహబూబ్ పీరాకు ముప్పై ఏళ్లుంటాయి. పత్తి మార్కెట్టులో పనిచేస్తాడు. బస్తాలోంచి చారెడు పత్తి తీసి, వేళ్ల మధ్య సాగదీసి, పోగు పొడుగెంతో, తడి ఎంతుందో చెబుతాడు. కళ్లున్నవాళ్లు కూడా అతను చెప్పిందాకా ఆగుతారట. ఆ సంగతి అతని అక్క చెప్పింది. కాస్త గర్వంగానే చెప్పింది.

పీరా మంచం మీద కూర్చుని ఉన్నాడు. మోకాలి నుంచి పాదం దాకా కట్టు. ఓబులేశు గొంతు వినగానే అటు తిరిగి నవ్వాడు.

"మీరొస్తారనుకోలేదు సార్. కూర్చోండి. ఎడమచేతి పక్క కుర్చీ ఉంటాది."

చూపున్నవాడికి కుర్చీ ఎక్కడుందో అతను చెప్పాడు. ఓబులేశు కూర్చున్నాడు.

"ఎట్ల జరిగింది పీరా?"

"రోజూ దాటే రోడ్డే సార్. కర్ర పెట్టి నిలబడినా. చెవులు రిక్కించి విన్నా. చప్పుడు లేదనుకుని అడుగేసినా. అప్పుడే మీ యాప్ అందుకుంది. ముప్పై అడుగుల తర్వాత కుడివైపుకు తిరగండి అని. వచ్చింది కరెంటు ఆటో. దానికి అసలే చప్పుడు తక్కువ. ఆ ఉన్న కాస్త చప్పుడూ మీ మాటల కింద పడిపోయింది."

అక్క టీ తెచ్చి ఇచ్చింది. ఓబులేశు ఆ గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు.

"అంత మంది కాదన్న తర్వాత నువ్వు మళ్లీ ఎందుకు చెప్పలేదు?"

పీరా కట్టు మీద చెయ్యి ఆడిస్తూ చెప్పాడు.

"అది పెట్టిన రోజు నాకు భలే సంతోషంగా ఉండె సార్. ఆరువేల మందికి పనికొచ్చే మాట ఒకటి నాకు తట్టిందని. గంటకొకసారి ఫోన్ తీసి వింటుంటి. కింది బాణం ఒకటి అనింది. తర్వాత ఆరు. తర్వాత పందొమ్మిది. నేనేమైనా తప్పు మాట రాసినానేమోనని అక్కతో చదివించుకున్నా. తప్పేమీ లేదురా అనింది అక్క. మళ్లీ ఫోన్ తీస్తే ముప్పై నాలుగు. ఆ తర్వాత తీయలేదు సార్. చావడికే పోలేదు."

"యాప్ మాత్రం వాడుతున్నావు కదా?"

"ఇంకేం దారుంది సార్?"

ఆ మాటను అతను ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు. అందుకే ఓబులేశుకు మరీ కష్టమనిపించింది.

"పీరా, ఆ మొదటి బాణం నాది."

పీరా చెయ్యి కట్టు మీద ఆగిపోయింది. వాకిట్లో అక్క బిందె దించిన చప్పుడైంది.

"ఎందుకు సార్?" అన్నాడు మెల్లగా.

ఓబులేశు ఏదో ఒక మంచి కారణం కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు.

"పనిలో ఉన్నాను. రెండు లైన్లు చదివాను. మాట్లాడడానికే చేసిన యాప్‌ని మాట్లాడొద్దంటాడేందని నవ్వొచ్చింది. నొక్కి ముందుకు పోయాను."

"నవ్వొచ్చిందని రాసినా బాగుండేది సార్," అన్నాడు పీరా. "అప్పుడు నేను చెప్పేవాణ్ణి."

ఓబులేశు చల్లారిన టీ తాగాడు. వారం తిరిగేలోగా రోడ్డు దాటే చోట యాప్ నోరు మూయిస్తానని మాటిచ్చాడు. పీరా చెయ్యి చాపితే పట్టుకున్నాడు. ఆ చెయ్యి పత్తిలా మెత్తగా లేదు. గరుకుగా, వెచ్చగా ఉంది.

* * *

ఆ వారమంతా అతను కూర్చుని పని పూర్తిచేశాడు. సోమవారం పొద్దున అది ఆరువేల ఫోన్లకూ వెళ్లిపోతుంది. దాంతోపాటు ఇంకొకటి కూడా సిద్ధం చేశాడు. కింది బాణమే లేని కొత్త చావడి. ఇక ఎవరి మనసూ నొచ్చుకోదు. బాగుంటే బాగుందంటారు, లేకపోతే ఊరుకుంటారు.

ఆదివారం తెల్లవారగానే అమ్మ దగ్గరికి వెళ్లాడు. ఇంకా ఎవరూ రాలేదు. ఎండాకాలం కదా, అందరి కోసం అమ్మ పెద్ద బిందెడు మజ్జిగ కలుపుతోంది.

"అమ్మా, ఆ కింది బాణాన్ని తీసేశాను. మనసుకు హాయిగా ఉంది," అన్నాడు.

"అట్లనా. మంచిది," అంది అమ్మ. గ్లాసు నింపి ఇచ్చింది.

ఓబులేశు ఒక గుక్క తాగాడు. ఉప్పు కషాయం. నాలుక ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎట్లుంది నాయనా?"

పెద్దామె. చూపు లేని మనిషి. పొద్దున్నే లేచి ఒక్కతే కలిపింది. "బాగుందమ్మా," అన్నాడు ఓబులేశు. కళ్లు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాడు.

"ఇంకొంచెం పోయాల్నా?"

"వద్దమ్మా, చాలు."

అప్పుడే ఈరన్న వచ్చాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి దిగిపోయినవాడు. పాతికేళ్లుగా అమ్మ దగ్గరికి వస్తున్నాడు. చెప్పులు విడిచి, తలగుడ్డతో మెడ తుడుచుకుని, గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. వెంటనే గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏందమ్మా ఇది? ఉప్పు బస్తా దీంట్లో పడిందా?"

ఓబులేశు ఉలిక్కిపడ్డాడు. ఊరుకోమని కళ్లతో సైగ చేశాడు. ఈరన్న అతని వైపు చూడలేదు.

"అంత ఎక్కువైందా?" అంది అమ్మ.

"శానా ఎక్కువైంది. సగం వేరే దాంట్లోకి వంచి, ఇంకో రెండు చెంబులు పెరుగు, నాలుగు చెంబులు నీళ్లు పోస్తే సరిపోతాది. ఉండు, నేను పోస్తా."

"పోయప్పా."

ఈరన్న లేచి లోపలికి వెళ్లాడు. ఇద్దరూ కలిసి మజ్జిగ సరిచేశారు. అమ్మ కొత్తిమీర తుంచి వేసింది. ఈరన్న మళ్లీ రుచి చూసి "ఆ, ఇప్పుడు తాగొచ్చు" అన్నాడు. అమ్మ నవ్వింది. ఆమె ముఖంలో నొచ్చుకున్న జాడే లేదు.

ఆమె ఓబులేశు వైపు తిరిగింది. "నువ్వు బాగుందంటివే?"

అతను తడబడ్డాడు. "మీరు బాధపడతారేమోనని అమ్మా."

"వెనకాల ఇంకా పదిమంది వస్తాండారు నాయనా," అంది అమ్మ.

తంబూరా తీగ సవరించుకుంటూ కూర్చుంది.

ఈరన్న వచ్చి ఓబులేశు పక్కన చాప మీద కూలబడ్డాడు. చెవి దగ్గరికి వంగి, "పాతికేండ్లలో అమ్మ చేతి ఉప్పు తప్పడం ఇదే మొదలు సామీ," అన్నాడు.

పాటలయ్యాక వెళ్లేముందు ఓబులేశు ఆమె పాదాలకు దండం పెట్టాడు.

"మిగతా నలభై ఇద్దరికీ ఫోన్ చెయ్యి," అంది అమ్మ.

"ఎందుకమ్మా? ఆ సూచన సరైందని తేలిపోయింది కదా. రేపు పొద్దున అందరికీ పంపిస్తున్నాను కూడా."

"పంపేది ఒక వారం ఆపు. పీరా మాట విన్నావు. వీళ్ల మాట ఇంకా విననేలేదు గదా."

* * *

ఫోన్లు చేయడం అతను అనుకున్నంత తేలిక కాలేదు. సగం మంది ఎత్తనే లేదు. ఎత్తినవాళ్లలో చాలామందికి గుర్తు లేదు. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఒకడు, చూపున్నవాడే, యాప్‌కి సాయం చేద్దామని చావడిలో చేరినవాడు, "అప్పటికే ఇరవై దాకా ఉన్నాయన్నా. అంతమంది కాదన్నారంటే తప్పేమోలే అని నేనూ నొక్కినా," అన్నాడు. చెబుతుంటేనే వాడి గొంతు తగ్గిపోయింది. "అన్నా, ఆయనకేమైనా అయిందా?" అని అడిగాడు. ఓబులేశు చెప్పాడు.

బళ్లారిలో ఉండే పంతులు ఒకాయన తనకు వేలు జారిందని, వెనక్కి తీసుకోవడం తెలియలేదని చెప్పాడు. ఇంకొకాయన ముందు కోపగించుకున్నాడు. తర్వాత ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. తన సూచన పైకి రావాలని ఆ పక్కనున్నవాటినన్నిటినీ కిందికి నొక్కుతూ పోయానని ఒప్పుకున్నాడు. "చదవనేలేదు బాబూ," అన్నాడు.

వింటున్నకొద్దీ ఓబులేశుకు కింది బాణం మీద మళ్లీ విసుగు పుట్టుకొచ్చింది. తీసేయడమే మంచిది అనుకున్నాడు. అయినా అమ్మ చెప్పింది కాబట్టి జాబితా చివరిదాకా వెళ్లాడు.

ముప్పై ఎనిమిదో పేరు నాగరత్నమ్మ. ఊరు డోన్. అరవై దాటిన మనిషి.

"గట్టిగా మాట్లాడు నాయనా, ఇంకొంచెం గట్టిగా," అంది ఆమె.

ఓబులేశు దాదాపు అరుస్తూ సంగతి చెప్పాడు.

"ఆ, గుర్తుంది నాయనా. నేనే నొక్కినా. ఇప్పుడైనా నొక్కుతా."

"ఎందుకమ్మా?"

"నాకు చూపు పోయి ఇరవై ఏండ్లాయె. ఈ నడమ చెవులూ పోతాండాయి. బండ్ల చప్పుడు నాకు వినబడదు. చెవిలో దూర్చుకుంటాం చూడు, ఆ ఫోన్ గొంతు ఒకటే వినబడతాది. రోడ్డు దాటేటప్పుడు ఎవరో ఒకర్ని చెయ్యి పట్టుకోమంటా. పట్టుకున్నోళ్లు నడిమధ్యలో వదిలేసి పోయేదీ ఉంది. అప్పుడు ఎటు తిరిగి నిలబడినానో నాకు ఆ ఫోనే చెప్పల్ల. అదీ నోరు మూసుకుంటే నేను ఆడనే నిలబడిపోతా నాయనా."

అమ్మ ఆపకపోయి ఉంటే, ఆ సోమవారమే ఈమె ఫోన్ కూడా రోడ్డు మధ్యలో మూగబోయేది.

"ఈ మాట అప్పుడే చెప్పి ఉండొచ్చు కదమ్మా."

"చెప్పమని ఆడ ఎక్కడుంది నాయనా?" అంది నాగరత్నమ్మ. "బాణముండె. నొక్కినా."

* * *

తర్వాతి ఆదివారం అతను అమ్మ ముందు కూర్చున్నాడు. పక్కన సంచిలో లాప్‌టాప్ ఉంది. అందులో రెండు చావడులున్నాయి. ఒకటి కింది బాణం ఉన్న పాతది. ఇంకొకటి బాణం లేని కొత్తది.

"ఆ నలభై ముగ్గురిలో నాకు దొరికినవాళ్లు దాదాపు అందరూ ఉత్తుత్తినే నొక్కారమ్మా," అన్నాడు. "నాతో సహా. ఒక్క మనిషి మాత్రం ప్రాణం కోసం నొక్కింది. అంకెలో అందరూ ఒకటే అయిపోయారు. బాణం ఉంచితే పీరా లాంటివాళ్లు లేచి వెళ్లిపోతారు. తీసేస్తే నాగరత్నమ్మ లాంటివాళ్లకు నోరే ఉండదు. ఏం చేయమంటారో మీరే చెప్పండి."

"వాళ్లిద్దరి నంబర్లు ఉండాయా?" అంది అమ్మ.

"ఉన్నాయమ్మా."

"నా ఫోన్ ఇట్లియ్యి."

నంబర్లు అతను చెబుతుంటే ఆమె వేళ్లు నొక్కాయి. ఆ వయసులోనూ ఆ వేళ్లకు తడబాటు లేదు. ముందు ఆదోని. తర్వాత డోన్. రెండు గొంతులూ లైనులోకి వచ్చాక ఆమె ఇద్దరికీ వినబడేలా గట్టిగా అంది.

"పీరా, ఈమె నాగరత్నమ్మ. నీ మాట కాదన్న మనిషి. నాగరత్నమ్మా, ఈ పిల్లోడు పీరా. రోడ్డు దాటేకాడ ఫోన్ మాట్లాడొద్దన్నది ఇతనే. మాట్లాడుకోండి."

ఫోన్‌ను చాప మీద పెట్టి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ముందు పీరా గొంతు వచ్చింది. కాస్త బిగుసుకుని ఉంది.

"ఎందుకు కాదన్నావక్కా? నేను చెప్పింది తప్పా?"

"గట్టిగా మాట్లాడు అబ్బాయ్."

"తప్పా అంటున్నా!"

"తప్పని ఎవరన్నారు? నాకు కుదరదన్నా. నాకు చెవులు సరిగా పనిచేయవు. నువ్వు దాన్ని నోరు మూసుకోమంటే నా గతేంది?"

"నా కాలు విరిగింది తెలుసా నీకు?"

"అయ్యో," అంది నాగరత్నమ్మ. ఒక్కసారిగా ఆమె గొంతు మారిపోయింది. "ఎప్పుడు నాయనా? ఏ కాలు?"

పీరా చెప్పాడు. ఆమె అడిగిందల్లా చెప్పాడు. కట్టు ఎప్పుడు విప్పుతారో, అన్నం ఎవరు పెడుతున్నారో, అంతా. ఆమె కూడా తన సంగతులు చెప్పింది. ఒకసారి డోన్ బస్టాండు ముందు పావుగంట సేపు రోడ్డు నడుమ నిలబడిపోయిన సంగతి చెప్పింది. రెండు పక్కలా బండ్ల గాలి ఒంటికి తగులుతుంటే ఎటు అడుగేయాలో తెలియలేదట.

తర్వాత మళ్లీ మొదటికొచ్చారు.

"అందరికీ మాటలు ఆపేయాల్సిందే అక్కా. లేకుంటే నాలాంటోళ్లు చస్తారు."

"ఆపితే నాలాంటోళ్లు చస్తారు."

ఓబులేశు ఉండబట్టలేక ముందుకు వంగాడు. ఇద్దరికీ పనికొచ్చేలా ఏదో ఒకటి చేస్తానని చెప్పబోయాడు. అమ్మ చెయ్యి చీకట్లో తడిమినట్టు వచ్చి అతని మణికట్టు మీద ఆనింది. మెత్తగానే ఆనింది. అతను నోరు మూసుకున్నాడు.

వాళ్లు పోట్లాడుకుంటున్నారు. గొంతులు పెరుగుతున్నాయి, తగ్గుతున్నాయి. ఒకసారి పీరా నవ్వాడు కూడా. ఓబులేశు చప్పుడు కాకుండా సంచిలోంచి లాప్‌టాప్ తీశాడు. పాత చావడిని మూశాడు. కొత్త చావడినీ మూశాడు. ఖాళీ పుట ఒకటి తెరిచాడు. ముప్పై దాటితే దాచిపెట్టే నియమాన్ని మొదటే కొట్టేశాడు. పై బాణం పెట్టాడు. కింది బాణం పెట్టాడు. కింది బాణం నొక్కగానే తెరుచుకునేలా చిన్న గడి ఒకటి గీసి, పక్కన మైకు గుర్తు పెట్టి, దాని మీద 'ఎందుకో చెప్పండి' అని రాశాడు. చెబితేనే ఆ బాణం లెక్కలోకి వస్తుంది.

చాప మీద ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"మాటలు ఆపేసి కర్ర మీద నమ్మకం పెట్టుకోవాలక్కా. నేను చెప్పేది అదే."

"కాదబ్బాయ్," అంది నాగరత్నమ్మ. "అట్ల కాదు."

"సరే," అన్నాడు పీరా. "ఎట్లో నువ్వు చెప్పక్కా."